గోపాలకృష్ణ గోఖలే: బడికి రావలసిన పిల్లల లెక్క

ఈ పాఠం చదివిన తర్వాత మీరు
• గోఖలే జీవితంలోని ముఖ్య విషయాలు చెప్పగలుగుతారు.
• జనాభా లెక్కలకూ బడులకు అందే డబ్బుకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.

జనాభా లెక్కల సిబ్బంది వచ్చినప్పుడు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరి వయస్సెంతో, ఎవరికి చదువు వచ్చో అడిగి రాసుకుంటారు. ఆ అంకెలతో బడికేం పని అని మీకు అనిపించవచ్చు. వాటి సాయంతోనే దేశంలోని పిల్లలందరి చదువు కోసం ప్రభుత్వాన్ని డబ్బు అడిగిన నాయకుడు గోఖలే.

1. బాల్యం, ఉద్యోగం

గోఖలే 1866 మే 9న మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా కోత్లుక్ గ్రామంలో పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. అన్న గోవిందరావు చదువు మాని ఉద్యోగంలో చేరి, 15 రూపాయల జీతంలో 8 రూపాయలు తమ్ముని చదువుకు పంపేవారు. గోఖలే 1884లో బి.ఏ. పూర్తిచేసి, పూనాలో ఉపాధ్యాయులయ్యారు. ఆయన రాసిన అంకగణిత పుస్తకాన్ని ఎన్నో బడులలో వాడారు. 1905లో భారత సేవక సమాజాన్ని స్థాపించారు. గాంధీజీ ఆయనను తన రాజకీయ గురువుగా భావించారు.

2. శాసనసభలో లెక్క

1902లో గోఖలే ఇంపీరియల్ శాసనసభ సభ్యులయ్యారు. 1911 మార్చి 16న ప్రాథమిక విద్య బిల్లును ప్రవేశపెట్టారు. 6 నుండి 10 సంవత్సరాల బాలురను బడికి పంపడం క్రమంగా నిర్బంధం కావాలని, తర్వాత బాలికలకూ దీనిని వర్తింపజేయాలని కోరారు. జపానులో జనాభాలో 11 శాతం ప్రాథమిక బడులలో ఉంటే, బ్రిటిష్ ఇండియాలో 1.9 శాతమే ఉన్నారని చూపారు.

దీనికి డబ్బెంత కావాలి? ఆ లెక్కను మీరూ చేసి చూడండి. 1911 జనాభా లెక్కల ప్రకారం బ్రిటిష్ ఇండియాలో పురుషులు సుమారు 12.5 కోట్లు. అందులో ఆ వయస్సు బాలురు సుమారు 12 శాతం, అంటే ఒకటిన్నర కోటి. ఒక్కొక్కరికి ఏడాదికి 5 రూపాయల ఖర్చు. అప్పటికే చదువుతున్నవారు పోగా, అదనంగా ఏటా సుమారు 4.5 కోట్ల రూపాయలు కావాలని గోఖలే తేల్చారు. ఇందులో మూడింట రెండు వంతులు ప్రభుత్వం, ఒక వంతు స్థానిక సంస్థలు భరించాలన్నారు. నెలకు 10 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారి పిల్లలకు ఫీజు ఉండరాదన్నారు.

3. ఫలితం

1912 మార్చిలో బిల్లుకు అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38 ఓట్లు వచ్చాయి. బిల్లు ఓడిపోయింది. గోఖలే 1915 ఫిబ్రవరి 19న, 48 ఏళ్ళకే మరణించారు. అయితే ఆయన వేసిన బాట మూసుకుపోలేదు. 1918లో బొంబాయి రాష్ట్రంలో పురపాలక సంఘాలు నిర్బంధ విద్య అమలు చేసేందుకు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుండి 6-14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కుగా అమలులోకి వచ్చింది. తమ పరిధిలోని 14 ఏళ్ళ లోపు పిల్లల వివరాలు రాసి ఉంచడం స్థానిక సంస్థల బాధ్యత అని ఆ చట్టం చెబుతుంది. ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలనీ, పిల్లలు పెరిగితే ఉపాధ్యాయులూ పెరగాలనీ చెబుతుంది.

కనుక లెక్కలో పేరు లేని పిల్లవాడికి గది, ఉపాధ్యాయుడు, పుస్తకం సమకూర్చాలన్న ఆలోచనే రాదు. పనికోసం వలస వెళ్ళే కుటుంబాల పిల్లలు ఇలా తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. వివరాలు అడగడానికి వచ్చినవారికి మీ ఇంటి పిల్లలందరి పేర్లూ, వయస్సులూ సరిగా చెప్పండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గోఖలే లెక్క ప్రకారం అదనపు ఖర్చులో ప్రభుత్వ వాటా ఎన్ని కోట్లు?
2. మీ వీధిలో 6-14 ఏళ్ళ పిల్లలు ఎందరు? వారిలో బడికి వెళ్ళనివారు ఎందరు? రాయండి.