పిడుగు జాడ పట్టిన వడ్రంగి కొడుకు

బాపులపాడు: మామిడి కోతల రోజుల్లో మధ్యాహ్నం దాటాక నల్లమబ్బు లేచిందంటే ఈ ప్రాంతపు తోట రైతుకు రెండు బెంగలు. గాలికి కాయ రాలుతుందని ఒకటి, కూలీలపై పిడుగు పడుతుందేమోనని రెండవది. పిడుగుల మబ్బు ఎక్కడున్నదో దూరం నుంచే కనిపెట్టే దారి చూపిన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వాట్సన్ వాట్.

ఆయన 1892లో స్కాట్లండులోని బ్రెచిన్‌లో జన్మించారు. తండ్రి వడ్రంగి మేస్త్రీ. డండీలో ఇంజనీరింగు చదివి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో వాతావరణ శాఖలో చేరారు. ఉరుముల మబ్బుల గురించి విమాన చోదకులను ముందుగా హెచ్చరించే మార్గం వెదకడం ఆయన పని.

మెరుపు మెరిస్తే రేడియోలో గరగరమని చప్పుడు వస్తుంది. అందరూ విసుక్కునే ఆ చప్పుడునే ఆయన ఆధారం చేసుకున్నారు. అది ఏ దిక్కు నుంచి వస్తున్నదో ఏరియళ్లతో పట్టి, పాత టీవీ తెరవంటి గాజు గొట్టంపై గీతగా చూపించారు. రెండు కేంద్రాల నుంచి గీసిన గీతలు కలిసిన చోటే పిడుగులు పడుతున్న చోటు.

రేడియో కిరణంతో శత్రు విమానాన్ని కూల్చవచ్చునా అని 1935లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను అడిగింది. సహచరుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌తో లెక్క కట్టించి, కూల్చలేము గాని, విమానానికి తగిలి తిరిగివచ్చే తరంగాలతో దాని జాడ తెలుసుకోవచ్చని జవాబిచ్చారు. ఫిబ్రవరి 26న డావెంట్రీ వద్ద జరిగిన పరీక్షలో అది రుజువైంది. 1940లో జర్మన్ విమాన దాడుల నుంచి బ్రిటన్‌ను ఆదుకున్నది ఆ రాడారే. 1942లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1973లో కన్నుమూశారు.

యుద్ధం ముగిశాక రాడార్ మళ్లీ మబ్బుల వైపు తిరిగింది. మబ్బు లోపల మంచు పలుకులు, మెత్తని వడగళ్లు ఒకదానికొకటి రాసుకోవడం వల్ల విద్యుత్తు పుడుతుంది. రాడార్‌కు ఆ విద్యుత్తు కనిపించదు. నీరు, వడగళ్లు ఎంత ఎత్తుకు లేచాయో కనిపిస్తుంది. సుమారు 5 కిలోమీటర్లు దాటి, నీరు గడ్డకట్టే చలిలోకి అవి బలంగా లేస్తే పిడుగుకు సిద్ధమవుతున్నట్టే. మన జిల్లా మబ్బులను మచిలీపట్నం రాడార్ కనిపెట్టి చూస్తుంటుంది.

ఇప్పుడు పిడుగు హెచ్చరికలు సెల్‌ఫోనుకే వస్తున్నాయి. అయితే హెచ్చరిక విని కదలనివారిని ఏ యంత్రమూ కాపాడలేదు. ఉరుము వినబడగానే కోత ఆపి, చిక్కం గెడ అక్కడే వదిలి, చెట్టు నీడను విడిచి పక్కా ఇంట్లోకి చేరడమే క్షేమం. కాయ పోతే వచ్చే ఏడు కాస్తుంది, మనిషి పోతే తిరిగిరాడు.