జెన్నీ ఎక్కిన బెస్సీ

బెస్సీ కోల్‌మన్ గురించి చదివినప్పుడల్లా ఆ సీటు బెల్టు దగ్గరే నా మనసు చివుక్కుమంటుంది.

1892లో టెక్సాస్‌లో పుట్టిందామె. పొలాల్లో పత్తి ఏరింది. షికాగోలో గోళ్లు తీర్చిదిద్దే పని చేసింది. నల్లజాతి పిల్ల, పైగా ఆడది! విమానం నడపడం నేర్పమంటే అమెరికాలో అందరూ కాదన్నారు. ఊరుకుందా? ఫ్రెంచి నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్లింది. 1921లో లైసెన్సు సంపాదించింది.

అప్పట్లో జెన్నీ అనే పాత విమానాలుండేవి. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్ల శిక్షణకు వాడినవి. యుద్ధం ముగిశాక చవగ్గా అమ్మేస్తే, కొన్నవాళ్లు ఊరూరా వాటితో పల్టీలు కొట్టించేవాళ్లు. బెస్సీ కూడా ఒకటి కొనుక్కుంది. 1923లో అది ఇంజిన్ ఆగి కూలిపోయింది, ఆమె కాలు విరిగింది. అయినా మళ్లీ ఎగిరింది. నల్లవాళ్లను లోపలికి రానివ్వని చోట ప్రదర్శన ఇవ్వనంది. తనవాళ్ల కోసం ఫ్లయింగ్ స్కూలు పెట్టాలని పైసా పైసా కూడబెట్టింది.

1926 ఏప్రిల్ 30న జాక్సన్‌విల్‌లో మరో పాత జెన్నీ ఎక్కింది. నడుపుతున్నది మెకానిక్. మర్నాడు పారాచూట్‌తో దూకాల్సిన చోటును వంగి చూసేందుకు బెల్టు పెట్టుకోలేదు. ఓ రెంచి కంట్రోళ్లలో ఇరుక్కుని విమానం తలకిందులైంది. బెస్సీ జారిపడి ప్రాణాలు విడిచింది. అప్పటికి 34 ఏళ్లే.

స్కూలు పెట్టకుండానే పోయింది. కానీ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి మహిళ మే జెమిసన్ వెంట బెస్సీ ఫొటో ఉంది. ఆ మాట చదివాకే నా మనసు కాస్త కుదుటపడింది.