క్యాన్సర్‌పై లేజర్ వేస్తే.. జుట్టు మొలిచింది! ఎవరీ ఎండ్రే మెస్టర్?

ఉప్పల్ నుంచి పీర్జాదిగూడ మీదుగా వరంగల్ హైవేపై రోజూ బైక్ నడిపేవాళ్లకు తలకు దెబ్బ అంటే ఎంత భయమో తెలుసు. కోత లేకుండా లేజర్ వెలుగుతోనే మెదడు గాయం తగ్గిస్తారట.. అనే మాటా మీరు వినే ఉంటారు. ఇందులో నిజమెంత? తెలియాలంటే హంగరీ డాక్టర్ ఎండ్రే మెస్టర్ కథ తెలుసుకోవాల్సిందే.

మెస్టర్ 1903లో పుట్టారు. చర్మ క్షయకు వెలుగుతో చికిత్స చేసిన డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్‌కు నోబెల్ వచ్చిందీ అదే ఏడాది! మెస్టర్ సర్జన్ అయ్యారు. బుడాపెస్ట్‌లోని ఇప్పటి సెమ్మెల్వైస్ యూనివర్సిటీలో పనిచేశారు.

1960లో అమెరికాలో తొలి లేజర్ వెలిగింది. దాంతో కణితులు కరుగుతున్నాయని బోస్టన్ నుంచి వార్తలొచ్చాయి. మెస్టర్ కూడా అదే చేసి చూద్దామనుకున్నారు. ఎలుకల బొచ్చు గొరిగి, రూబీ లేజర్ వేశారు. కణితి కరగలేదు. ఎందుకంటే ఆయన లేజర్‌కు అంత పవర్ లేదు! కానీ వెలుగు పడినచోట బొచ్చు మాత్రం త్వరగా మొలిచింది.

ఇంకొకరైతే ప్రయోగం ఫెయిలైందని పక్కన పెట్టేవారేమో. మెస్టర్ వదల్లేదు. 1967 నుంచి ఈ ఫలితాలు బయటపెట్టారు. ఆ తర్వాత ఎంతకీ మానని పుండ్లున్న రోగులకూ ఈ వెలుగుతో చికిత్స చేశారు. 1984లో కన్నుమూశారు.

ఇంతకీ ఇది ఎలా పనిచేస్తుంది? కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా.. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుని చురుగ్గా మారుతుందని సైంటిస్టులు భావిస్తున్నారు. పుర్రె దాటి కొద్దిగా వెలుగు లోపలికి వెళ్తుంది. అందుకే మెదడు గాయంపైనా పరీక్షలు మొదలయ్యాయి.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ 2020లో 68 మందిపై చేసిన ట్రయల్ వివరాలు ప్రచురించింది. వెలుగునిచ్చే హెల్మెట్ వాడారు. సేఫ్ అని తేలింది. ఎమ్మారై స్కాన్‌లో కొంత తేడా కనిపించింది. కానీ రోగులు త్వరగా కోలుకుంటారని మాత్రం రుజువు కాలేదు. అంటే ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

కాబట్టి తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత, ఫిట్స్ ఉంటే లేజర్ సెంటర్ల కోసం వెతకొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే మెదడులో రక్తస్రావం ప్రాణం తీయొచ్చు. ఇక దెబ్బ తగలకుండా కాపాడేది వెలుగు హెల్మెట్ కాదు.. బైక్ అద్దానికి వేలాడుతున్న మీ మామూలు హెల్మెటే. దాన్ని తలకు పెట్టుకోండి, స్ట్రాప్ బిగించండి.