కైఫియత్తుల కర్నల్ మెకంజీ

మన వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాల్సిందే. ఈసారి మేము నలుగురం కలిసి వేరే మనిషి జీవితం రాద్దామనుకున్నాం. ఆయన మనవాడు కాడు. మన భాష కూడా సరిగా రానివాడు. పైగా ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు. అయినా కడప జిల్లా పిల్లవాడు ఎవడైనా తన ఊరి పాత చరిత్ర కోసం వెదకడం మొదలుపెడితే చివరికి ఆయన పేరు దగ్గరికే చేరుకుంటాడు. ఆయనే కర్నల్ కాలిన్ మెకంజీ.

మేము చేరుకున్నదీ అలాగే. డిగ్రీ చదివేటప్పుడు మీ ఊరి చరిత్ర పది పేజీలు రాసుకు రమ్మన్నారు. మా ఊళ్ళకు చరిత్ర ఏముంటుంది సార్ అని నవ్వుకున్నాం. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళితే అక్కడ అచ్చువేసిన కడప జిల్లా కైఫియత్తుల సంపుటాలు చూపించారు. సిద్ధవటం, గండికోట, పుష్పగిరి ఉంటాయని అనుకున్నాం, ఉన్నాయి. మాలో ఇద్దరి ఊళ్ళు కూడా ఉన్నాయి! రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో వచ్చి మా ఊరి పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అని అడిగి రాసుకుపోయారన్నమాట. అలా రాయించిన మనిషి ఎవరా అని అప్పుడు వెదికాం.

మెకంజీ 1754 ప్రాంతంలో స్కాట్లాండుకు పడమట ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నోవే అనే రేవు ఊళ్ళో పుట్టారు. కొంతకాలం అక్కడే సుంకాల కచేరీలో ఉద్యోగం చేశారు. లెక్కలంటే ఇష్టం. లాగరిథమ్స్ కనిపెట్టిన నేపియర్ జీవిత చరిత్ర రాయాలనుకున్న ఒక ప్రభువుకు సహాయపడుతూ, హిందువుల గణితం గురించి తెలుసుకోవాలని ఆశపడ్డారు. 1783లో మద్రాసులో దిగారు. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్ళవాడు. మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు.

మొదటి పదమూడేళ్ళూ యుద్ధాలతో, దారులు కొలవడంతో గడిచిపోయాయి. 1794లో శ్రీశైలం వెళ్ళి గుడి గోడల మీది శిల్పాలు చూసి వ్యాసం రాశారు. కానీ గుడి ఎవరిదో, శాసనంలో ఏముందో చెప్పే మనిషి పక్కన ఉంటేనే గదా ప్రయోజనం. ఆ మనిషి 1796లో దొరికాడు. పేరు కావలి వెంకట బొర్రయ్య, ఏలూరు కుర్రవాడు, ఇరవై ఏళ్ళవాడు. ఈ దేశపు విద్యల తలుపు తనకు తెరిచింది ఆ బొర్రయ్యేనని మెకంజీ తర్వాత ఒప్పుకున్నారు. దొరలు ఇలా ఒప్పుకోవడం ఆ రోజుల్లో అరుదు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయి టిప్పు సుల్తాను మరణించాడు. మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పని మెకంజీకి అప్పగించారు. సుమారు 40,000 చదరపు మైళ్ళు. కంపెనీకి కావలసింది పటం, పొలాల లెక్క, దారుల వివరం. పన్ను ఎంత రాబట్టవచ్చో తేలాలి, అంతే. మెకంజీ దానికి తన సొంత పని ఒకటి తగిలించారు. గుడారం వేసిన ప్రతిచోటా బొర్రయ్యనూ అతని తోటివారినీ ఊళ్ళోకి పంపి శాసనాలు ఎత్తి రాయించడం, తాటాకు గ్రంథాలు, నాణేలు సేకరించడం, పెద్దలు చెప్పింది రాసుకోవడం. బొర్రయ్య హళెగన్నడ శాసనాలు కూడా చదివాడు. 1803లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే చనిపోయాడు. ఆ పని తమ్ముడు లక్ష్మయ్య చేతికి వచ్చింది. ఇంకో తమ్ముడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో అచ్చువేశాడు.

మన కడప సంగతికి వద్దాం. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. మైసూరు పని ముగిశాక సర్వే ఇటు వచ్చింది. మెకంజీ మనుషులు ప్రశ్నల జాబితా పట్టుకుని ఊరూరా తిరిగారు. జనం తేలిగ్గా నోరు విప్పలేదు. పన్ను పెంచడానికే వచ్చారేమోనని అనుమానం. ఆ అనుమానం తప్పని మేము అనలేం. చివరికి కరణాలు తమ దగ్గరి కవిలె కట్టలు విప్పి చెప్పారు, రాసిచ్చారు. అవే కైఫియత్తులు. ఊరు ఏ రాజుల కాలంలో ఎవరి చేతిలో ఉంది, పొలిమేర ఎక్కడ, మాన్యాలు ఎవరివి, ఏ దేవుడి మహిమ ఏమిటి అన్నీ కలగాపులగంగా ఉంటాయి. రాజుల వరుస ఒక్కోసారి తప్పు. పుట్టలోంచి దేవుడు లేచిన కథ పక్కనే చెరువు తూము సంగతి ఉంటుంది. మాకు ఆ రెండోదే ఎక్కువ నచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. కైఫియత్తు చెప్పినవాడు కరణం. తన మిరాశీ ఎంత పాతదో నిరూపించుకోవడం అతనికి అవసరం. మన వాడల వాళ్ళు అందులో ఎక్కడున్నారని మేము పేజీ పేజీ తిప్పాం. కొన్నింటిలో వెట్టికి, తలారికి ఇంత మాన్యం అని ఒక వరుస దొరికింది. చాలావాటిలో అదీ లేదు. అసలు పొలిమేర ఏ రాయి దగ్గర మలుపు తిరుగుతుందో తెలిసినవాడు వెట్టివాడు. తగాదా వస్తే ముందు నడిచి చూపించేదీ అతనే. చూపించిన పొలిమేర కాగితం మీదికి ఎక్కింది గానీ అతని పేరు ఎక్కలేదు.

మెకంజీ జీవితంలో మిగిలింది త్వరగా చెప్పేస్తాం. 1811 నుంచి రెండేళ్ళు జావా దండయాత్రలో ఉన్నారు, అక్కడే పెళ్ళి చేసుకున్నారు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యారు. అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త పట్టణానికి రాళ్ళ కోసం దిబ్బ తవ్వించినప్పుడు బౌద్ధ స్తూపం బయటపడింది. ఆ శిల్పాలకు మెకంజీ వేయించిన బొమ్మలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి. కొన్ని మేము ఇంటర్నెట్‌లో చూశాం. ఆ తర్వాత ఎన్నో రాళ్ళు సున్నానికి పోయాయి కాబట్టి కొన్నింటికి ఆ బొమ్మలే ఆధారం.

1821 మే 8న కలకత్తా దగ్గర హుగ్లీ నదిపై పడవలో పోతూ ఆయన చనిపోయారు. పోగుచేసినదంతా కట్టలు కట్టలుగా మిగిలింది. విల్సన్ అనే పండితుడు 1828లో జాబితా అచ్చువేశాడు. 1,568 గ్రంథాలు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాలు, 6,218 నాణేలు. కంపెనీ 10,000 పౌండ్లు ఇచ్చి ఆయన భార్య దగ్గర కొన్నది.

ఆ కట్టల్లో ఏముందో అందరికన్నా బాగా తెలిసిన లక్ష్మయ్య, పని తాను కొనసాగిస్తానని 1830లలో సర్కారుకు అర్జీ పెట్టుకున్నాడు. కలకత్తా ఏషియాటిక్ సొసైటీని అభిప్రాయం అడిగారు. ఇలాంటి పని నడిపించే సామర్థ్యం ఈ దేశస్థుడికి ఉండదని వాళ్ళు తేల్చేశారు. పని టేలర్ అనే పాదిరీకి ఇచ్చారు. చివికిపోతున్న కైఫియత్తులకు తర్వాత బ్రౌన్ దొర మద్రాసులో మంచి కాగితం మీద నకళ్ళు రాయించారు. అవి ఉండబట్టే కడపలో మన చేతికి పుస్తకాలు వచ్చాయి.

1816లో హిక్కీ అనే చిత్రకారుడు వేసిన మెకంజీ బొమ్మ ఒకటి ఉంది. ఎర్రకోటు వేసుకుని మధ్యలో ఆయన. చుట్టూ ముగ్గురు మనవాళ్ళు. తాటాకు గ్రంథంతో ఉన్నవాడు జైన పండితుడు ధర్మయ్య అని, ఇంకొకరు లక్ష్మయ్య అని, దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్టాజీ అని చెబుతారు. దూరంగా కొండ మీద గోమటేశ్వరుడు. కిష్టాజీ గురించి మాకు అంతకుమించి ఒక్క ముక్క దొరకలేదు. ఎంతసేపు చూసినా మా కన్ను అతని మీదికే పోయింది.

పోయిన సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతూ మేమూ ఒక ప్రశ్నల కాగితం తయారు చేసుకున్నాం. వాడ ఎప్పుడు కట్టారు, ముందు ఎక్కడ ఉండేది, బావి ఎవరు తవ్వారు, వెట్టి ఎవరు చేశారు, వాళ్ళ పేర్లేమిటి. మాలో ఒకరి తాత తొంభై ఏళ్ళకు దగ్గరలో ఉన్నాడు. ఆయన తండ్రి ఆ ఊరి వెట్టి. మంచంలో పడుకునే వేళ్ళు మడుస్తూ పొలిమేర రాళ్ళ పేర్లు ఏడు చెప్పాడు. కైఫియత్తు తీసి సరిచూశాం. ఏడింటిలో నాలుగు ఉన్నాయి. మిగిలిన మూడు మేము రాసుకున్నాం, ఆయన తండ్రి పేరుతో సహా.