ఎవరెస్టు నుంచి వేలూరు దాకా: డాక్టర్ సోమర్‌వెల్

మన ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరితే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట వేలూరు. ఆ వేలూరు సి.ఎం.సి.లో ఒకప్పుడు సర్జరీ పాఠాలు చెప్పిన డాక్టరు ఒకాయన ఎవరెస్టు మీద చావు తప్పించుకుని వచ్చారని మనలో ఎంతమందికి తెలుసు?

థియోడర్ హోవర్డ్ సోమర్‌వెల్ 1890లో ఇంగ్లండులోని కెండల్‌లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు వైద్యం చేశారు. కొండలెక్కడం అంటే ఆయనకు పిచ్చి. 1922లో ఎవరెస్టు బృందంలో చోటు దొరికింది.

రెండు ప్రయత్నాలు విఫలమయ్యాయి. వానాకాలం వచ్చి కొత్త మంచు బాగా పడింది. అయినా జూన్ 7న మల్లోరీ, క్రాఫర్డ్, సోమర్‌వెల్, 14 మంది కూలీలు మళ్లీ బయలుదేరారు. కొత్త మంచు కింది పొరకు అతుక్కోవడానికి టైము పడుతుంది. అంతదాకా అది చాటలో పోసిన రాగుల్లాంటిది. చాట కొంచెం వంచితే కదలవు, ఇంకొంచెం వంచితే అన్నీ ఒక్కసారే జారిపోతాయి. వాలు మీద నడిచే మనుషుల బరువే ఆ ఇంకొంచెం. వాళ్లు దారిలో మంచును తొక్కి చూశారు, కదల్లేదు. సరే అనుకున్నారు. మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో వాలంతా కదిలింది. ముందున్న సోమర్‌వెల్ వాళ్లు ఎలాగో బయటపడ్డారు. వెనక తాళ్లు కట్టుకుని వస్తున్న తొమ్మిది మంది మంచుగోడ మీద నుంచి కింద పడ్డారు. ఏడుగురు చనిపోయారు. ఏడుగురూ కూలీలే.

తమ తెల్లవాళ్లలో ఒక్కరూ పోలేదన్నది ఆయన్ని చాలా కుదిపేసింది. తమలో ఒకరైనా పోయుంటే, కష్టం అందరికీ ఒకటేనని ఆ కూలీలకు తెలిసేదని బాధపడ్డారు.

ఆ ఏడాదే దేశం చూస్తూ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషన్ ఆసుపత్రికి వచ్చారు. రోగులు బారులు తీరి ఉన్నారు, సర్జను ఒక్కరే. అంతే, లండను ఉద్యోగం వద్దనుకుని అక్కడే పనికి కుదిరారు. 1924లో మళ్లీ ఎవరెస్టుకు వెళ్లి సుమారు 28 వేల అడుగుల దాకా ఎక్కారు, శిఖరం అందలేదు. తర్వాత ఏళ్ల తరబడి నెయ్యూరులో, ఆపైన వేలూరులో పనిచేశారు. 1975లో చనిపోయారు.

మా తాత బంగారు గనిలోకి దిగేవాడు. లోపల రాయి కూడా చెప్పకుండానే పేలేదట. ఆయన షిఫ్టు ముగించుకుని వచ్చేదాకా అవ్వ పొయ్యి వెలిగించకుండా గడపలో కూర్చునేదట. ఆ ఏడుగురి ఇళ్లల్లో కూడా ఎవరో ఒకరు అలాగే కూర్చుని ఉంటారు.