బఠానీ గింజ, అగ్గిపుల్లలు: దాదాసాహెబ్ ఫాల్కే

మీరు సినిమాలు చూస్తూ ఉంటారు కదా! సినిమా తీయడానికి ఊహ ఒక్కటే చాలదు. డబ్బు, ముడిఫిల్ము, నటులు కావాలి. ఇవేవీ సరిగా దొరకని రోజుల్లో సినిమాలు తీసిన ఒక కళాకారుని గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

దాదాసాహెబ్ ఫాల్కే 1870 ఏప్రిల్ 30న నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వర్‌లో జన్మించారు. అసలు పేరు ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే. బొంబాయిలోను, బరోడాలోను చిత్రకళ, ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు. ఏసుక్రీస్తు జీవితంపై వచ్చిన ఒక విదేశీ మూగచిత్రం చూశాక, మన పురాణకథలను కూడా తెరపై చూపాలన్న తపన ఆయనను పట్టుకుంది. బీమా పాలసీని తాకట్టు పెట్టి 1912లో లండన్ వెళ్ళారు. పని నేర్చుకుని, కెమెరా సమకూర్చుకున్నారు.

కాని పెట్టుబడి ఎవరిస్తారు? సినిమా తీయడమంటే ఏమిటో అప్పటికి చాలామందికి తెలియదు. ఫాల్కే ఒక కుండీలో బఠానీ గింజ నాటారు. కెమెరాను కదపకుండా, నెలకు పైగా ఓపికతో, మొలక ఎదుగుదలను ఒక్కొక్క బొమ్మగా తీశారు. ఆ బొమ్మలను వరుసగా తెరపై వేస్తే మొలక చూస్తుండగానే తీగై పాకింది! అది చూసినవారికి నమ్మకం కలిగింది, అప్పు పుట్టింది. భార్య సరస్వతీబాయి నగలు కూడా ఈ పనికే ఖర్చయ్యాయి. ఇంటిపనితోపాటు ఫిల్ము పనీ నేర్చుకున్న ఆమె పేరు చాలామందికి తెలియకపోవడం విచారకరం.

1913 మే 3న బొంబాయిలో 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. మనం చంద్రమతి అని పిలిచే రాణి పాత్రకు స్త్రీలెవరూ ముందుకు రాలేదు. హోటల్లో వంటచేసే సాలుంకే అనే యువకుడు ఆ వేషం వేశాడు.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ముడిఫిల్ము విదేశాల నుంచే రావాలి. పెట్టుబడిదారులు వెనక్కి తగ్గారు. అనుకున్న పెద్ద చిత్రాలు ఆగిపోయాయి. అప్పుడు ఫాల్కే చిన్న చిత్రాల వైపు తిరిగారు. వాటిలో ఒకటి 1915 నాటి 'ఆగకాడ్యాంచీ మౌజ్', అంటే అగ్గిపుల్లల వినోదం. అగ్గిపుల్లలకు జీతాలు, దుస్తులు అక్కరలేదు కదా! పుల్లను కొంచెం జరపాలి, ఒక బొమ్మ తీయాలి. మళ్ళీ జరపాలి, మళ్ళీ తీయాలి. మూగచిత్రాల్లో సెకనుకు సుమారు 16 బొమ్మలు నడిచేవి. ఆ లెక్కన ఒక్క నిమిషానికి 960 బొమ్మలు! డబ్బు లేనిచోట శ్రమను పెట్టారన్నమాట.

1917లో 'లంకాదహనం' బాగా ఆడింది. అందులో రాముడు, సీత ఇద్దరూ సాలుంకేనే! 1918లో భాగస్వాములతో కలిసి హిందూస్థాన్ ఫిల్మ్స్ స్థాపించారు. డబ్బు చిక్కు తీరిందిగాని, వారితో పొసగక కొంతకాలానికే వైదొలగారు. తరువాత తిరిగి చేరినా పాత స్వేచ్ఛ దక్కలేదు. 1937లో చివరి చిత్రం 'గంగావతరణం' తీశారు. 1944 ఫిబ్రవరి 16న నాసిక్‌లో మరణించారు. అగ్గిపుల్లల చిత్రం నేడు లభ్యం కావడం లేదు.