షికాగో కన్నా ముందు సికింద్రాబాద్!

స్వామి వివేకానంద అనగానే మనకి షికాగో గుర్తొస్తుంది. కానీ ఆ సభకి ఏడు నెలల ముందే ఆయన మన సికింద్రాబాద్‌లో, మహబూబ్ కాలేజీలో అతిథిగా నిలబడి తన విదేశీ యాత్ర గురించి మాట్లాడారు. అప్పటికి ఆయన ఇంకా ఓడ కూడా ఎక్కలేదు!

1863 జనవరి 12న కలకత్తాలో పుట్టిన నరేంద్రుడు, గురువుగారు శ్రీరామకృష్ణులు 1886లో దేహం చాలించాక సన్యాసిగా దేశమంతా తిరిగారు. దారిలో పేదల ఆకలి కళ్లారా చూశారు. అమెరికా వెళ్లి మన వేదాంతం చెప్పాలి, మన పేదలకి దారి వెతకాలి అన్న ఆలోచన అలా బలపడింది.

1893 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో దిగారు. మర్నాడు సికింద్రాబాద్ నుంచి వందమంది దాకా పాలు, పళ్లు, మిఠాయిలు పట్టుకుని వచ్చి, మా ఊళ్లో ప్రసంగించమని అడిగారు. 12న నవాబు ఖుర్షీద్ జా ఆయనతో రెండు గంటలకు పైగా మాట్లాడి, ప్రయాణానికి వెయ్యి రూపాయలు ఇస్తానన్నారు. స్వామీజీ తీసుకోలేదు. సమయం వచ్చినప్పుడు అడుగుతానన్నారు.

13న మహబూబ్ కాలేజీలో సుమారు వెయ్యిమంది కూర్చున్నారు. వాళ్లలో యూరోపియన్లూ ఉన్నారు. పాశ్చాత్య దేశాలకి తాను ఎందుకు వెళ్తున్నారో స్వామీజీ ఇంగ్లీషులో వివరించారు. చేతిలో టికెట్ లేదు, ఆహ్వానం లేదు. అయినా అంతమంది ముందు మాట ఇచ్చేశారు.

ఆ మాటకి అసలు పరీక్ష అమెరికాలో ఎదురైంది. మద్రాసులో అళసింగ పెరుమాళ్ అనే స్కూలు టీచర్ ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఖేత్రీ రాజా సాయం చేశారు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి, జులై చివరికి షికాగో చేరారు. తీరా చూస్తే సభ సెప్టెంబర్‌లో! పైగా పరిచయ పత్రం లేనిదే ప్రతినిధిగా తీసుకోరు. పేర్లిచ్చే గడువూ అయిపోయింది. డబ్బులు కరిగిపోతున్నాయి.

తిరిగొచ్చేసినా ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆయన మాత్రం ఖర్చు తగ్గుతుందని బోస్టన్ వైపు వెళ్లారు. అక్కడ హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ హెన్రీ రైట్ పరిచయమై, సభవాళ్లకి ఉత్తరం రాసిచ్చారు. మళ్లీ షికాగో వస్తే, వెళ్లాల్సిన చిరునామా పోయింది. ఆ రాత్రి రైల్వే యార్డులోనే పడుకున్నారు. పొద్దున్నే ఇళ్ల తలుపులు తడితే మొహం మీదే వేసేశారు. అలసిపోయి రోడ్డు పక్కన కూర్చుంటే, శ్రీమతి హేల్ అనే ఆవిడ లోపలికి పిలిచి ఆదరించారు. సెప్టెంబర్ 11న ఏం జరిగిందో ప్రపంచానికి తెలుసు.

1897లో తిరిగొచ్చినప్పుడు మద్రాసు కుర్రాళ్లు గుర్రాలు విప్పేసి ఆయన బండిని తామే లాగారు. అదే ఏడాది మే 1న రామకృష్ణ మిషన్ మొదలుపెట్టారు. 1902 జులై 4న, 39 ఏళ్లకే దేహం విడిచారు.

గెలిచాక అనుభవాలు చెప్పడం సులువే. ఏమీ చేతిలో లేనప్పుడు నలుగురి ముందు లక్ష్యం చెప్పి, రైల్వే యార్డులో పడుకున్న రాత్రి కూడా దాన్ని వదలకపోవడమే సాధన. ఎస్.డి. రోడ్డు మీదుగా వెళ్లినప్పుడు ఆ బడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీరు ఎవరికి ఏ మాట ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి.

జై శ్రీరామకృష్ణ!